తూర్పు గట్టు నీళ్ళు

స్టాఫ్ రూము వెనక కిటికీ కిందకి రెండు కుక్కలు సరిగ్గా పన్నెండుంపావుకి వచ్చి కూర్చుంటాయి. బెల్లు కొట్టే అటెండరుకైనా టైము తప్పుతుందేమో గాని వాటికి తప్పదు. ఆ వేళకి జ్ఞానమ్మ వంటపాక నుంచి స్టీలు గిన్నెలో కాస్త అన్నం, దాని మీద గరిటెడు పప్పు వేసి, మూత పెట్టి స్టాఫ్ రూముకి పంపిస్తుంది. లంకగరువు హైస్కూల్లో పిల్లలకు వడ్డించే ముందు ఒక మాస్టారు ఆ అన్నం తిని చూడాలి. చూసి, రుచి రిజిస్టరులో తేదీ వేసి, ‘రుచి చూశాను, బాగున్నది’ అని రాసి సంతకం పెట్టాలి. జూలై నుంచి ఆ డ్యూటీ సోషల్ మాస్టారు ఉదయభాస్కర్‌ది.

ఆయన రిజిస్టరు పొద్దున్న ప్రార్థన కాగానే రాసేసేవాడు, వంటపాకలో పొయ్యి రాజకముందే. మధ్యాహ్నం గిన్నె వచ్చాక మూత తీసి, కిటికీ దగ్గరకు వెళ్ళి బయటికి బోర్లించేవాడు. మంచినీళ్ళ టిన్ను నుంచి గ్లాసెడు నీళ్ళు పోసి తొలిపి ఖాళీ గిన్నె తిరిగి పంపించేవాడు. ఆ తర్వాత చేతులు కడుక్కుని, భార్య లావణ్య కట్టిచ్చిన క్యారేజీ విప్పుకునేవాడు. అడిగినవాళ్ళకి కడుపులో మంట, పప్పు పడదు అని చెప్పేవాడు. అసలు సంగతి అది కాదు. జ్ఞానమ్మది చెరువుకి తూర్పు గట్టున, స్కూలు పక్కనే ఉన్న చర్చిపేట. ఆవిడ చేతి వంటంటే ఆయనకి రోత. ఈ మాట ఆయన తనలో తాను కూడా ఇంత తిన్నగా ఎప్పుడూ అనుకోలేదు. క్లాసులో మాత్రం మనుషులంతా సమానమని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేవాడు.

ఆ సోమవారం కుక్కలు అన్నం మెతుకులు ఏరుకుని పప్పు వదిలేశాయి. ఉదయభాస్కర్ అది చూశాడు గాని పట్టించుకోలేదు. పావుగంటలో వరండాలో గోల మొదలైంది. పిల్లలు మొదటి ముద్ద మింగలేక ఉమ్మేస్తున్నారు. ఆరో తరగతిలో ఒకడికి వాంతి అయింది. ఒకరి వెనక ఒకరు లేచి కుళాయి దగ్గర పళ్ళేలు బోర్లించారు. కాసేపట్లో అక్కడి మురుగుబోదె నిండా పప్పు తేలింది, దాని మీద ఈగలు ముసిరాయి. 

హెడ్మాస్టరు హరిబాబు జ్ఞానమ్మని పిలిపించి వరండా మెట్ల కింద నిలబెట్టాడు. ఆవిడకి యాభై రెండేళ్ళుంటాయి. ఈ స్కూల్లో పదకొండేళ్ళుగా వండుతోంది. చేతిలో గరిటె ఉందన్న సంగతి కూడా మరిచిపోయి అలాగే వచ్చేసింది.

“ఏంటమ్మా ఇది? మనుషులు తినేదేనా?”

“నీళ్ళలో ఉందండి ఉప్పు.”

“మొన్న శుక్రవారం చప్పగా ఏడిసింది కదా. ఆ రోజు నీళ్ళలో ఉప్పు లేదా?”

“శుక్రవారం గాలి లేదండి. గాలి లేనప్పుడు మన గట్టున నీళ్ళు బాగుంటాయండి. తూర్పుగాలి లేచిందంటే ఉప్పొచ్చేస్తాదండి. తెల్లారకుండా, గాలి లేవకముందే తోడుకుంటే పరవాలేదండి, మన గేటు తీసేదే తొమ్మిదింటికాయె.”

వెనక నిలబడ్డ ఉదయభాస్కర్‌కి నవ్వొచ్చింది. “గాలికి ఉప్పేంటమ్మా? సముద్రం నుంచి మూట కట్టుకుని మోసుకొస్తోందా?” అన్నాడు. మిగతా మాస్టార్లు కూడా నవ్వారు. వాళ్ళంతా తాగేది టిన్ను నీళ్ళు, కుళాయి నీళ్ళు నోట్లో పోసుకున్నవాళ్ళు లేరు.

హరిబాబు రిజిస్టరు తెప్పించి ఆ రోజు పేజీ చూశాడు. తలెత్తి ఉదయభాస్కర్ వైపు తిరిగాడు. “బాగున్నదని రాశారు. మీరు తిని చూశారు కదండీ?”

ఆ ప్రశ్న తన మీదకొస్తుందని ఉదయభాస్కర్ అనుకోలేదు. కిటికీ, కుక్కలు, గిన్నె అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. “చూశానండి. నేను చూసినప్పుడు బాగానే ఉంది,” అన్నాడు.

“మరి పిల్లలకెందుకు అలా ఉంది?”

“ఆ తర్వాత కలిపి ఉంటుందండి.”

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తడుముకోవలసిన పని కూడా లేకపోయింది. జ్ఞానమ్మ తలెత్తి ఒక్కసారి ఆయన మొహంలోకి చూసింది. గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, తల దించుకుంది.

మర్నాడు పదింటికి మండలం నుంచి ఇంజనీరు వచ్చాడు. దసరా దగ్గర్నుంచి చర్చిపేటవాళ్ళు ఊరి మంచినీళ్ళ చెరువు ఉప్పెక్కుతోందని అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఎందుకెక్కుతోందో కూడా వాళ్ళే రాశారు. చెరువుకి దక్షిణాన, ఒక్క మట్టిగట్టు అడ్డంతో, పంచాయతీ ప్రెసిడెంటు వెంకటరాజు గారి రొయ్యల చెరువులున్నాయి. వాటిలో నింపేది బోరు ఉప్పునీళ్ళు. అవి గట్టులోంచి ఊరుతున్నాయని వాళ్ళ మాట. ఇన్నాళ్ళూ ఆ కాగితాలను పట్టించుకున్నవాడు లేడు. పప్పు గొడవ బయటికి రాగానే ప్రెసిడెంటు గారే స్వయంగా ఫోను చేసి పరీక్షకి రమ్మన్నారు.

ఊరంతా పడమటి గట్టున ఉంది. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసూ అక్కడే. మెట్ల మీద ప్రెసిడెంటు గారికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. తూర్పు నుంచి గాలి జోరుగా కొడుతోంది. చెరువు మీద అలలు చిన్నచిన్నవిగా ఇటే వచ్చి మెట్లకి తగులుతున్నాయి. ఇంజనీరు ప్యాంటు మడిచి రెండు మెట్లు దిగి సీసా ముంచాడు. పై నీళ్ళే పట్టాడు. గ్లాసులో పోసి రెండు మందు చుక్కలు వేశాడు, రంగు చూశాడు, చార్టుతో పోల్చాడు.

“బ్రహ్మాండంగా ఉన్నాయండి,” అన్నాడు.

“మా ఊరి నీళ్ళు కొబ్బరినీళ్ళండి,” అని వెంకటరాజు కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇంజనీరు సీసాకి మూత బిగిస్తూ, “పద్ధతి ప్రకారం తూర్పు గట్టున కూడా ఒకటి పట్టాలండి,” అన్నాడు. ఆ మాటలో పట్టాలన్న పట్టుదలేమీ లేదు.

“చెరువొకటే కదండీ. అటు నీళ్ళు వేరు, ఇటు నీళ్ళు వేరు ఉంటాయా? ఇదిగో మాస్టారున్నారు, అడగండి. జాగ్రఫీ చెప్పేది ఈయనే.”

ఉదయభాస్కర్ అక్కడే ఉన్నాడు. సాక్షి సంతకానికి చదువుకున్నవాడు ఒకడు కావాలని కబురు చేస్తే స్కూలు నుంచి పర్మిషను పెట్టి వచ్చాడు. ఆయన అద్దెకుండేది ప్రెసిడెంటు గారి డాబా మీద వాటాలో. “ఒకటేనండి. వేరుగా ఎందుకుంటాయి,” అన్నాడు. సాక్షి అని ఉన్న చోట సంతకం పెట్టాడు.

టీలు తాగారు. నీళ్ళు బాగున్నాయని తేలిపోయింది కాబట్టి ఉప్పు వంటమనిషి చేతిలో ఉన్నట్టే. రేపొక్కరోజు చేసి జ్ఞానమ్మ మానెయ్యాలని, గురువారం నుంచి తమ వీధి పావని వండుతుందని వెంకటరాజు అక్కడికక్కడే చెప్పేశాడు. సాయంత్రం హరిబాబు ఆ కబురు జ్ఞానమ్మకి చెప్పినప్పుడు ఆవిడ గుండిగ తోముతోంది. “పదకొండేళ్ళండి,” అని ఒక్క మాటంది. మళ్ళీ పీచు అందుకుని అడుగున మాడు గీకడం మొదలుపెట్టింది.

బుధవారం మూడో పీరియడు తొమ్మిదో తరగతి. పాఠం వ్యాపార పవనాలు, సముద్ర ప్రవాహాలు. ఉదయభాస్కర్‌కి ఇది పందొమ్మిదో ఏడు చెప్పడం. పసిఫిక్ మహాసముద్రం అంటే ఆయన బోర్డు మీద పొడుగాటి కోడిగుడ్డు గీస్తాడు. కుడి చివర పెరూ, ఎడమ చివర ఇండోనేషియా, నడుమ అడ్డంగా భూమధ్యరేఖ.

“రేఖకి పైన ఈశాన్యం నుంచి, కింద ఆగ్నేయం నుంచి గాలులు వస్తాయి. వీటినే వ్యాపార పవనాలంటాం. రెండూ కలిసి తూర్పు నుంచి పడమరకే తోస్తాయి. సముద్రంలో పై నీళ్ళు ఎండకి కాగి ఉంటాయి. ఆ వేడి నీళ్ళని గాలి నెలల తరబడి పడమరకి నెట్టుకుంటూ పోతుంది. భూమధ్యరేఖా ప్రవాహాలు అంటే అవే. అలా నెట్టగా నెట్టగా ఇండోనేషియా వైపు వేడి నీళ్ళు పోగుపడతాయి. సముద్రం అక్కడ మూరెడు ఎత్తు లేస్తుంది.” సుద్దముక్కతో బాణాలు గీశాడు. “మరి పెరూ దగ్గర పై నీళ్ళు వెళ్ళిపోయాయి. ఆ చోటు ఖాళీగా ఉంటుందా?”

“ఉండదండి,” అన్నారు పిల్లలు.

“ఉండదు. అడుగు నీళ్ళు పైకొస్తాయి. అక్కడ అడుగున చల్లటి నీళ్ళున్నాయి కాబట్టి చల్లటివి వస్తాయి. అడుగున ఏముంటే అదే పైకొస్తుంది.”

అని, కింద నుంచి పైకి బాణం గీస్తున్న చెయ్యి సగంలో ఆగింది. కిటికీలోంచి చెరువు కనిపిస్తోంది. అలలు ఈ గట్టు నుంచి మొదలై పడమటి గట్టుకి పరుగెడుతున్నాయి.

రెండో బెంచీలో తబిత లేచింది. చర్చిపేట పిల్ల. “గాలి తిరగబడితే ఏమవుతాదండి?”

“పోగుపడ్డ వేడి నీళ్ళు వెనక్కొచ్చేస్తాయి. అడుగు నీళ్ళు పైకి రావడం ఆగిపోతుంది.”

“అప్పుడు ఇటు బాగుంటాయాండి?”

“ఎటు, పెరూ దగ్గరా?”

“ఇక్కడండి,” అంది తబిత. పేట పిల్లలు పదిమందీ ఆయన మొహంలోకే చూస్తున్నారు. వాళ్ళకిది కొత్త సంగతి కాదని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. పందొమ్మిదేళ్ళుగా తను బోర్డు మీద గీస్తున్నది వాళ్ళు పొద్దున్నే బిందె ముంచి చూస్తున్నారు. ఉదయభాస్కర్ సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. మిగతా పాఠం రేపు చెబుతానని కుర్చీలో కూర్చుండిపోయాడు.

నాలుగింటికి బెల్లు కాగానే రొయ్యల చెరువుల మీదకి వెళ్ళాడు. అక్కడ బుల్లిరాజు మేత చల్లి పడవ దిగుతున్నాడు. వెంకటరాజు గారి చెరువులన్నీ చూసుకునేది అతనే. నీళ్ళలో ఉప్పెంతో చూసే మీటరు రొయ్యల వాళ్ళందరి దగ్గరా ఉంటుంది. చిన్న గొట్టం, గాజు మీద చుక్క వేసి కంటికి ఆనించి వెలుతురు వైపు చూస్తే వెయ్యి పాళ్ళలో ఉప్పు ఎన్ని పాళ్ళో అంకె కనపడుతుంది.

“మాస్టారికి రొయ్యల్తో పనేంటండి?” అన్నాడు బుల్లిరాజు. ఎందుకో చెప్పాక నవ్వడం మానేశాడు. మీటరు లుంగీ అంచుతో తుడుచుకుంటూ తనే వెంట వచ్చాడు.

తూర్పు గట్టున, స్కూలు మోటారు గొట్టం దగ్గర చుక్క వేసి చూస్తే ఆరు. చుట్టూ తిరిగి పడమటి మెట్ల దగ్గరికి వెళ్ళి చూస్తే సున్నా. బుల్లిరాజు సీసాకి రాయి కట్టాడు, బిరడాకి వేరే తాడు కట్టాడు. మెట్ల చివర్నుంచి అడుక్కి దించి బిరడా లాగాడు. పైకొచ్చిన సీసాలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. మూతి దగ్గర పెట్టుకోబోయి ఉదయభాస్కర్ మొహం తిప్పుకున్నాడు. కుళ్ళిన గుడ్డు కంపు. మీటరులో తొమ్మిది.

“ఉప్పునీరు బరువండి, అడుగునే ఉంటాది. మా రొయ్యల గుంటల్లో కూడా ఇంతేనండి. గాలొచ్చే గట్టున అడుగు కంపంతా పైకి తేలతాది, రొయ్య అటు దరిదాపుల్లో ఉండదు.”

“తెలిసీ చెప్పలేదా?”

“చెప్తే మా నోట్లో మట్టేనండి. మీరు చదువుకున్నోళ్ళు, మీకూ తెలుసనుకున్నాను.”

ఉదయభాస్కర్ అంకెలు కాగితం మీద రాసుకుని హరిబాబు దగ్గరికి నడిచాడు. హెడ్మాస్టరు ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. గాలి, పై నీళ్ళు, అడుగు నీళ్ళు అన్నీ చెప్పాడు. జ్ఞానమ్మ తప్పేమీ లేదన్నాడు. హరిబాబు ఓపిగ్గా విన్నాడు.

“అంతా బాగానే ఉంది మాస్టారూ. ఒక్కటి చెప్పండి. నీళ్ళే ఉప్పయితే మీరు రుచి చూసినప్పుడూ పప్పు ఉప్పగానే ఉండాలి కదా. బాగుందని ఎలా రాశారు?”

ఉదయభాస్కర్ అంకెల కాగితం మడిచాడు. “రేపు ప్రెసిడెంటు గారికి ఈ అంకెలు చూపిద్దామండి,” అన్నాడు. తన అబద్ధం జోలికి పోకుండా, పాఠం ఒక్కటీ చెప్పి ఆవిడని నిలబెట్టొచ్చని ఇంకా ఆశపడుతున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకుని ఇంటికి వెళ్ళాడు.

బంగాళాఖాతంలో మూడు రోజులుగా తిరుగుతున్న వాయుగుండం ఇటు రాకుండా ఒరిస్సా వైపు వెళ్ళిపోయింది. వాన చుక్క పడలేదు. గాలి మాత్రం తిరిగింది. గురువారం తెల్లారేసరికి కొబ్బరిచెట్ల తలలన్నీ తూర్పుకి వాలి ఉన్నాయి.

“పాలు విరిగిపోయాయండి. రెండోసారి పెట్టినా అంతే. ఆ నీళ్ళు ఓసారి నోట్లో పోసుకోండి,” అంది లావణ్య. ఉదయభాస్కర్ పుక్కిలించి ఉమ్మేశాడు. పంపు నీళ్ళు ఉప్పగా, కుళ్ళు కంపు కొడుతూ ఉన్నాయి. అంత కంపు నోట్లో పెట్టుకుని కూడా ఆయనకి సంతోషం వేసింది. గబగబా మెట్లు దిగి కిందకి వెళ్ళాడు.

వెంకటరాజు వీధి అరుగు మీద పాలు విరిగిపోయిన టీని గ్లాసుతో ముందు పెట్టుకుని కూర్చున్నాడు. “చూశారా మాస్టారూ, పేటోళ్ళ పని? ఆవిణ్ణి తీసేశామన్న కచ్చతో పంపు దగ్గర ఉప్పు బస్తాలు కుమ్మరించారు.”

“కాదండి. గాలి తిరిగిందండి. పై నీళ్ళు అటు వెళ్ళాయి, అడుగు నీళ్ళు మన గట్టున లేచాయి. నిన్న అటు ఆరుంది, ఇటు సున్నా. ఇవాళ తిరగబడి ఉంటుంది, కావాలంటే చూద్దాం రండి.”

వెంకటరాజు టీ గ్లాసు పక్కకి జరిపాడు. “మొన్న ఇంజనీరు గారి ముందు చెరువంతా ఒకటేనన్నది మీరే కదండీ. సంతకం కూడా మీదే. నిన్న అటు ఉప్పు, ఇవాళ ఇటు ఉప్పు, రేపు ఆకాశంలో ఉందంటారు. పిల్లలకి పాఠం చెప్పుకోండి మాస్టారూ,” అన్నాడు. అరుగు మీదున్నవాళ్ళు నవ్వారు. సోమవారం వరండాలో తను నవ్వినట్టే నవ్వారు.

మధ్యాహ్నం స్కూల్లో పావని వంట. వెంకటరాజు స్వయంగా వచ్చి పిల్లలతో పాటు పంక్తిలో కూర్చున్నాడు. తూర్పు గట్టున ఆ రోజు నీళ్ళు కమ్మగా ఉన్నాయి. పప్పు కుదిరింది. పిల్లలు మారు వడ్డించుకున్నారు. మాస్టార్లకి కూడా ఆకులు వేశారు. ఉదయభాస్కర్ కూడా తిన్నాడు. నాలుగో ముద్ద దగ్గర గమనించుకున్నాడు, తను తింటున్నానని. అదే పాక, అదే గుండిగ, అదే గరిటె. కడుపులో మంట లేదు, పప్పు పడకపోవడం లేదు. పావని వండిందని తెలిశాక తన చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఐదో ముద్ద ఆకులోనే వదిలేశాడు. ఆకు మడిచి లేచిపోయి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. తన మీద తనకి ఇంత అసహ్యం ఉదయభాస్కర్‌కి ఎప్పుడూ కలగలేదు.

“చూశారా హరిబాబు గారూ, మనిషి మారగానే ఉప్పు మాయమైపోయింది,” అంటున్నాడు వెంకటరాజు వెనక నుంచి. అవునండీ అన్నారు అందరూ. చర్చిపేట పిల్లలు మాత్రం తలలు వంచుకుని తిన్నారు, ఆకలికి.

శుక్రవారమూ అంతే. పప్పు బాగుంది, పావనిని మెచ్చుకున్నారు. పంపుహౌసు దగ్గర కాపలాకి ఇద్దరిని పెట్టారు, పేటవాళ్ళు మళ్ళీ ఉప్పు కలపకుండా.

శనివారం పొద్దున్న ఉదయభాస్కర్ కళ్ళు తెరవగానే కిటికీ రెక్క చూశాడు. గాలి మళ్ళీ తూర్పు నుంచి కొడుతోంది. పంపు నీళ్ళు మళ్ళీ తియ్యగా ఉన్నాయి. కాపలా పెట్టడం వల్లే బాగుపడ్డాయని కింద అరుగు మీద చెప్పుకుంటున్నారు. ఆయన ఆ రోజు ప్రార్థన తర్వాత రిజిస్టరు ముట్టుకోలేదు.

పన్నెండుంపావుకి గిన్నె వచ్చింది. కుక్కలూ వచ్చాయి. ఉదయభాస్కర్ కుర్చీలో కూర్చుని అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాలిక మండింది. సోమవారం పప్పు కూడా ఇంత ఘోరంగా ఉండి ఉండదు. పావని ఎప్పటిలాగే ఉప్పు వేసింది, దాని మీద నీళ్ళ ఉప్పు. ఉమ్మెయ్యబోయి, కుక్కల్ని చూసి, బలవంతంగా మింగాడు. వడ్డన ఆపమని అటెండరుకి కేకవేసి తనే వంటపాకకి వెళ్ళాడు.

పావని గరిటె పట్టుకుని బెదిరిపోయి ఉంది. “నిన్నటి కొలతే వేశానండి, ఒట్టండి. జ్ఞానమ్మ గారు ఎంత వేసేవారో ఏంటో, ఆవిణ్ణయినా అడగలేదు.”

“స్టోరు బీరువా చూద్దాం పద. ఎంత వాడేదో తెలుస్తుంది.”

పావని తాళం తీసింది. కింద అరలో కందిపప్పు, దాని పక్కన చింతపండు. పై అరలో నెలనెలా స్కూలుకొచ్చే ఉప్పు ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. అక్టోబరువి, నవంబరువి. ఒక్కదానికి మూతి కోసి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. పావని ఈ మూడు రోజులూ వాడుతున్నది అదే. మిగతావి ఎవరూ ముట్టుకోలేదు. ఉదయభాస్కర్ ఒకటి తీసి నొక్కాడు. చెమ్మకి గడ్డకట్టి ఇటుకలా ఉంది. మరొకటి తీశాడు, అదీ అంతే. పావని ఆయన చేతిలోని ప్యాకెట్టు వైపు, పొయ్యి మీది గుండిగ వైపు మార్చి మార్చి చూసింది.

ఇద్దరూ చర్చిపేటకి నడిచారు. స్కూలు గోడ దాటితే జ్ఞానమ్మ ఇల్లు మూడోది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఉదయభాస్కర్ ఆ గోడ ఇటు దాటడం ఇదే మొదలు. ఆవిడ వాకిట్లో కూర్చుని కత్తితో కొబ్బరాకులు చీరి చీపుళ్ళకి ఈనెలు తీస్తోంది. మాస్టార్ని చూసి లేవబోయింది.

“కూర్చోమ్మా. పప్పులో ఉప్పు ఎంత వేసేదానివి?”

“నేను ఉప్పు వెయ్యడం మానేసి రెండు నెలలైందండి. దసరా దగ్గర్నుంచి వెయ్యట్లేదు. గాలి బొత్తిగా లేని రోజు చిటికెడు చల్లేదాన్ని, అంతేనండి.”

“మరి ఆ రోజు హెడ్మాస్టారి ముందు ఈ మాట ఎందుకు చెప్పలేదు?” అంది పావని.

“మాస్టారు గారు తిన్నాననీ, బాగుందనీ చెప్పాక నేనేం చెప్తానమ్మా?” జ్ఞానమ్మ ఉదయభాస్కర్ వైపు తిరిగింది. “రోజూ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కదండీ. నాకేమో ఉప్పగా తగిలేది. మాస్టారు గారు గిన్నె నాకినట్టు తిన్నారు, బాగుందని రాశారు, నా నోరే చెడిందేమో అనుకునేదాన్నండి. బాగోలేదని మీరు ఒక్కనాడు రాసినా నీళ్ళ సంగతి గట్టిగా అడిగేదాన్ని.”

ఉదయభాస్కర్ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. చెప్పకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు. ప్యాకెట్లు చూపిస్తే చాలేమో, రెండు నెలల ఉప్పు కళ్ళ ముందుంది. కాని ప్యాకెట్లు చూసినా, ఆవిడ తన ఇంటి నుంచి ఉప్పు తెచ్చి కలిపిందంటాడు వెంకటరాజు. తర్వాత కలిపిందన్న మాట తన నోటిది. అది తనే వెనక్కి తీసుకోవాలి.

“నేను తినలేదమ్మా,” అన్నాడు. “జూలై నుంచి ఒక్కరోజు కూడా తినలేదు. కిటికీలోంచి పారబోసేవాణ్ణి.”

ఈనె గీస్తున్న కత్తి ఆగింది. “కుక్కలకాండి?”

ఆయన తలూపాడు.

“ఆయ్,” అంది జ్ఞానమ్మ. తీసిన ఈనెలన్నీ ఒక పక్కకి సర్ది కట్ట కట్టింది. “ఎందుకు తినలేదో నేనడగనండి. నాకు తెలుసు. ఈ మాట ఇక్కడ నాకు చెప్తే ఏం లాభమండి? అక్కడ చెప్పండి.”

స్కూల్లో పిల్లలు ఖాళీ పళ్ళేలతో కూర్చుని ఉన్నారు. పప్పు కబురు అందుకుని వెంకటరాజు అప్పుడే వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాడు. ఇవాళ స్కూలు తొట్టిలో ఉప్పు కలిపారని అంటున్నాడు. ఉదయభాస్కర్ స్టాఫ్ రూములోంచి రిజిస్టరూ, తను ఒక ముద్ద తిన్న గిన్నే తెచ్చి టేబులు మీద పెట్టాడు. రిజిస్టరు జూలై మొదటి పేజీ దగ్గర తెరిచాడు.

“ఇక్కణ్ణుంచి అన్నీ అబద్ధాలేనండి,” అన్నాడు. “నేను ఒక్కరోజు కూడా రుచి చూడలేదు. పొద్దున్నే రాసేసేవాణ్ణి. తర్వాత ఉప్పు కలిపిందని చెప్పింది కూడా అబద్ధమే. ఆవిడ రెండు నెలలుగా ఉప్పే వెయ్యలేదు. చెరువంతా ఒకటేనని పెట్టిన సంతకం కూడా తప్పే.”

హరిబాబు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. “మాస్టారూ, కాగితం మీద పెడితే మీ ఉద్యోగానికే చుట్టుకుంటుంది. ఆలోచించుకోండి.”

“పెడుతున్నానండి.”

ఉదయభాస్కర్ గిన్నె వెంకటరాజు ముందుకి జరిపి, “ఇది పావని వండింది. తిని చూడండి,” అన్నాడు. వెంకటరాజు గిన్నె వైపు చూశాడు గాని చెయ్యి పెట్టలేదు. గుమ్మంలో పావని నిలబడి ఉంది. “సోమవారం నుంచి నేను రానండి. ఆవిణ్ణే పిలుచుకోండి,” అంది. తాళంచెవి కొంగు ముడిలోంచి విప్పి టేబులు మీద పెట్టింది.

ఉదయభాస్కర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లకాగితం మీద జరిగిందంతా రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత రిజిస్టరులో ఆ రోజు పేజీ తీసి తేదీ వేశాడు. రుచి చూశాను, అని రాశాడు. ఐదు నెలల్లో ఆ పుస్తకంలో ఆయన రాసిన మొదటి నిజం అది. తర్వాతి మాట రాసే ముందు గిన్నెలోంచి ఇంకొక ముద్ద తీసుకుని, అందరూ చూస్తుండగా నమిలి మింగాడు.